లేని బోరు

మెదక్ టౌన్‌లో, పాత రైస్ మిల్లు పడగొట్టిన జాగాకు ఎదురుగా, చీరలకు రంగులు వేసే ఖమర్ జహాన్ వాకిలి. మిల్లు జాగాలో పన్నెండంతస్తుల భవనం లేస్తే చుట్టుపక్కల ఏమవుతుందో రాసుకోవడానికి నిస్సి అనే సర్వే పిల్ల వచ్చింది. ఆమెను అక్క వరసతో ‘ఆపా’ అని పిలిచే పక్కింటి భూలక్ష్మి గోడ అవతల నిలబడి ఓ చెవి ఇటు వేసి ఉంచింది. చేతిలో ట్యాబ్ ఉన్న మనిషిని నమ్మకూడదని ఖమర్ జహాన్ ఎప్పుడో తీర్మానించుకుంది.

“గా కుర్చీల కాదు బిడ్డా, దాని కాలు ఇరిగింది. గీ గంగాళం తిరగేసి పెట్టిన, మీద మెత్తగ బట్టేసిన. గిక్కడ కూసో.”

“నిలబడే రాసుకుంటనమ్మా. నాలుగు ముచ్చట్లే.”

“నువ్వు నిలబడితే నాకు మంచిగనిపియ్యది. కూసో. ఆఁ, గట్ల. ఇగ లేవకు. చెప్పు, ఏ ఆఫీసు మీది?”

“ఆఫీసు కాదు, కంపెనీ. ఎదురుంగ గంత పెద్ద బిల్డింగ్ కడితే గాలికి, నీళ్ళకు, మీ ఇండ్లకు ఏమన్న నష్టమా అని ముందుగాల చూడాలె. గా సర్వే.”

“పోయినేడు దోమల సర్వే అని వచ్చిండ్రు. దోమలు పోలే, ఇంటి టాక్స్ పెరిగింది.”

“నేను మున్సిపాలిటీ కాదమ్మా. మాది గీ ఊరే, చర్చి దిక్కు.”

“మరి నీకు జీతం ఎవరిస్తరు?”

“మా కంపెనీ.”

“మీ కంపెనీకి?”

“బిల్డింగ్ కట్టెటోళ్ళు. రూలే గట్లున్నది.”

“విన్నవా భూలక్ష్మీ? పిలగాడు మంచోడా అని పిలగాని మేనమామనే అడిగినట్టున్నది.”

“విన్న ఆపా, విన్న. జర సూస్కొని మాట్లాడు.”

“నా పని నేను సక్కగనే చేస్తనమ్మా. నీళ్ళు ఎక్కడియి వాడతరు?”

“నల్లా.”

“బోరున్నదా?”

“బోరా? మా ఇంట్లనా? బోరెక్కడిది. నల్లా ఒక్కటే.”

“నల్లా దినం తప్పి దినం వస్తది. మీ మోరీల పొద్దటి నుంచి ఎర్ర నీళ్ళు పారుతనే ఉన్నయి.”

“డ్రమ్ములల్ల పట్టి పెట్టుకుంటం.”

“డ్రమ్ములేవి? లోపల జర చూస్త…”

“కూసో, కూసో. లోపల ఏమున్నది. చాయ్ తెస్త. లేవకు.”

“చాయ్ వద్దమ్మా. తీగ మీది చీరె మీరేసిందేనా? ఎరుపు మస్తుగ పట్టింది.”

“మరి? కౌడిపల్లి నుంచి, శంకరంపేట నుంచి నన్ను ఎతుక్కుంట వస్తరు. ఆయన పోయినంక బిడ్డ సదువు, ఇల్లు, అంతా గీ రంగు మీదనే నడుస్తుంది.”

“నల్లా నీళ్ళతోనే గింత మంచిగ పట్టిందా?”

“నల్లా నీళ్ళతోనా? దాంట్ల మందు కలుపుతరు, రంగు మచ్చలు మచ్చలయితది. రంగుకు భూమిల నీళ్ళే…”

“భూమిల నీళ్ళు?”

“వాన నీళ్ళు అంటున్న. వాన నీళ్ళు.”

“గీ ఎండకాలంలనా?”

“ఏం బిడ్డా, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్. భూలక్ష్మీ, మా ఇంట్ల బోరున్నదా, నువ్వే చెప్పు.”

“ఎవరన్నరు ఆపా? మీ ఇంట్ల లేదు. మా ఇంట్ల సుత లేదు.”

“మీ ఇంటి సంగతి నేను అడగనే లేదమ్మా.”

“అడుగుతవని ముందుగాలనే చెప్తున్న.”

“పర్మిషన్ లేదని భయమా ఏంది? నేను ఎవరి బోరుకు సీలెయ్య.”

“నమ్మకు ఆపా. ఎల్దుర్తిల మా చెల్లె ఇంటికి వచ్చినోడు సుత గట్లనే అన్నడు. తెల్లారి వచ్చి సీలేసిండ్రు.”

“లేని బోరుకు భయమేంది భూలక్ష్మీ. రాసుకో బిడ్డా. బోరు లేదు.”

“సరే. గల్లీల మీ రెండిండ్లే ఆఖరు. ఎల్లయ్య తాత లేదన్నడు, జాఫర్ భాయ్ లేదన్నడు. అందరిది ఒకటే మాట.”

“మా గల్లీ గట్లనే కలిసి ఉంటది.”

“రాసింది చదువుత, వినుండ్రి. ‘ఈ గల్లీలో బోరు నీటిపై ఆధారపడిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. కనుక భవనం కోసం వెయ్యి అడుగుల లోతున వేయనున్న ఆరు బోర్ల వల్ల ఎవరి నీటికీ నష్టం లేదు.’ గంతే. గీడ వేలుతోని సంతకం చేయుండ్రి.”

“ఆరు బోర్లా?”

“ఆరు.”

“వెయ్యి ఫీట్లా? మామూలుగ… మామూలుగ ఇండ్లల్ల ఎంత లోతుంటది?”

“గీ దిక్కు రెండొందలుంటే మస్తు. అయినా మీకు లేదు గదా.”

“ఆపా, మరి మా…”

“నువ్వు జర ఆగు భూలక్ష్మీ. బిడ్డా, ఉన్నదని రాస్తే ఏమైతది?”

“గల్లీ నీళ్ళు ఎండితే ఎట్ల అని బిల్డింగ్ కట్టెటోళ్ళను నిలదీయొచ్చు. లేదని రాస్తే అడిగెటందుకు మనిషే ఉండడు. కానీ ఉత్త మాట చాలదు, నేను కండ్లతోని చూడాలె. ఫోటో తియ్యాలె.”

“ఫోటో తీసినంక సీలేస్తే?”

“వెయ్యరని నేను మాటియ్యలేనమ్మా.”

“ఇయ్యలేవు.”

“ఇయ్యలేను.”

“గా మాట నిజం చెప్పినవ్. వచ్చిన కాడి నుంచి నిన్ను నమ్మబుద్ధి కాలేదు, ఇప్పుడైతుంది. భూలక్ష్మీ, జర ఇటు రా.”

“ఎందుకాపా?”

“ఒక చెయ్యి పట్టెటందుకు. లే బిడ్డా, ఇగ లే. లేవకు లేవకు అన్న గదా. బోరు నువ్వు కూసున్న గంగాళం కిందనే ఉన్నది.”