క్వార్టర్ మెట్ల మీద పదకొండు రోజులు

1981 అక్టోబర్ 12న శ్రీ భీమశంకరం గారు గోదావరిఖనిలోని ఒక గని కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. స్వస్థలం దివిసీమ. ఇరవై మూడేళ్లు హాజరు పట్టీలు రాశారు. ఎవరు డ్యూటీకి వచ్చారో, ఎవరు రాలేదో ఆయన చేతిరాతలోనే ఉండేది. ఎందుకు రాలేదో రాయడానికి ఆ పట్టీలో గడి లేదు.

2004లో సంక్షేమ విభాగానికి మారి, కార్మిక వాడల్లో పనిచేసే కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే బాధ్యత స్వీకరించారు. ప్రమాదం చూసి భయపడ్డవారు, తాగుడు మానలేనివారు, గనిలో పనికి తగరని వైద్యులు తేల్చినవారు... అలాంటి మగవాళ్లకు తోడుగా నిలవడం ఈ కార్యకర్తల పని. తొలి జట్టులో పద్దెనిమిది మంది. ఒక్కొక్కరికీ ఒక ఫైలు, అందులో ఇరవై ఆరు ప్రశ్నల పత్రం ఇచ్చి పంపారు.

ఆ ఫైలే పొరపాటు. మన దగ్గర ఇంటికి ఫైలుతో వచ్చే మనిషి చార్జిషీటు తెచ్చిన మనిషే. సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో ఉండే సదయ్య అప్పటికి రెండు నెలలుగా గనిలో దిగలేదు. తోటి కార్మికుడు ఎల్లన్న ఆయన కళ్ల ముందే పైకప్పు కూలి మరణించారు. నాగాలు ఇంకా పెరిగితే సదయ్య ఉద్యోగం పోతుంది. కార్యకర్త జమున ఫైలుతో గుమ్మం దగ్గరికి రాగానే సదయ్య వెనక గోడ దూకి పారిపోయారు. రెండు రోజులు ఇంటికి రాలేదు.

"ఫైలు ఇచ్చింది నేను. తప్పు నాదమ్మా" అని జమునతో చెప్పి, సదయ్య తిరిగొచ్చాక భీమశంకరం గారు ఖాళీ చేతులతో వెళ్లారు. సదయ్య పై మెట్టు మీద, ఆయన కింది మెట్టు మీద, ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన ఏమీ అడగలేదు. మర్నాడూ అంతే.

ఐదో రోజు సదయ్య తల్లి సమ్మవ్వ ఊరుకోలేకపోయారు.

"ఏంది సారూ, రోజొస్తవు, మాట్లాడవు. మా కుక్క నయం, మొరుగన్న మొరుగుతది."

"రేపు నేనూ మొరుగుతాలే అమ్మా."

సదయ్య నవ్వారు. రెండు నెలల్లో అదే మొదటి నవ్వు.

పదకొండో రోజు సదయ్యే నోరు తెరిచారు. "సారూ, ఆ దినం ఎల్లన్నను నేనే ముంగట పొమ్మన్న." ఆ మాట అంతవరకు తల్లికి కూడా చెప్పలేదు. భీమశంకరం గారు లేవలేదు. షిఫ్టు సైరన్ మోగేదాకా అక్కడే ఉన్నారు. మర్నాడు ఇద్దరూ కలిసి దవాఖానకు వెళ్లారు. ఇరవై రోజులకు సదయ్య గనిలో దిగారు. ఉద్యోగం నిలిచింది.

అక్కడ ఏం జరిగిందో వివరించమంటే మాకు ఇప్పటికీ చేతకాదు. ఒకరు వచ్చి కూర్చున్నారు. ఇంకొకరు లేచి నిలబడ్డారు.

ఆ వారమే శిక్షణ మారింది. ఫైలు లేదు, మెడలో కార్డు లేదు. ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. అవతలి మనిషి మాట్లాడేదాకా ప్రశ్న వద్దు. పదేళ్లలో పదహారు జట్లు, 304 మంది ఈ పని నేర్చుకున్నారు. ప్రతి జట్టుకూ ఆయన మొదట చెప్పింది తన పొరపాటే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఎవరో "ఆంధ్ర సారూ, ఎప్పుడు పోతవ్?" అని ఆటపట్టిస్తే, సదయ్య అందుకున్నారు: "మా మెట్ల మీదికెల్లి లేస్తె గదా!"

2014 మే 31న భీమశంకరం గారు విరమణ పొందుతున్నారు. ఇక్కడే, జ్యోతినగర్ దగ్గర ఉంటారు. మా పత్రిక ఈ సంచిక కోసం సదయ్యను ఒక మాట అడిగాం.

"సారుకు ఇగ డ్యూటీ ఉండది. ఇల్లు గుబులైతది. ఒకటో తారీకు పొద్దుగాల్నే నేను పోత."

పోయి ఏం మాట్లాడతారని అడిగాం.

"ఏం మాట్లాడ. కూసుంట."

భీమశంకరం గారికి, శ్రీమతి మాణిక్యాంబ గారికి ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని, వారి ఇంటి మెట్ల మీద సదయ్య చాలా ఏళ్లు కూర్చోవాలని మా అందరి కోరిక.