అన్నగారి బాయిలరు, చిన్నమేడంగారి నివేదిక

1989 జూలై 3, సోమవారం ఉదయం. చేతిలో నియామకపత్రం, భుజాన గుడ్డసంచీ, ముఖాన కొద్దిపాటి బెరుకుతో మన ఇంధన విధాన పరిశోధన సంస్థ మెట్లెక్కిన ఆనాటి యువతి, నేడు సంచాలకుల హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. అప్పటికే అకౌంట్స్ విభాగంలో ఒకరు ‘పెద్దమేడం’గా స్థిరపడి ఉండటంతో, కొత్తగా వచ్చిన వీరు సహజంగానే ‘చిన్నమేడం’ అయ్యారు. పెద్దమేడంగారు విరమణ చేసి ఏళ్లు గడిచినా, వీరి తల ముగ్గుబుట్టలా నెరిసినా, ఆ పిలుపు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆనాటి కార్యాలయాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు ఆర్ద్రమవుతుంది. మూడే గదులు, ఒక్కటే కంప్యూటరు. ఆ కంప్యూటరుకున్న ఏసీ భాగ్యం మనుషులకు లేనందున, ఎండాకాలం వచ్చిందంటే అందరికీ ఆ గదిలోనే అత్యవసరమైన పనులు పుట్టుకొచ్చేవి. చిన్నమేడంగారు మాత్రం గ్రాఫ్ కాగితాలు నేలమీద పరుచుకుని, ఎగిరిపోకుండా చెప్పులు బరువు పెట్టి, మోకాళ్లమీద కూర్చుని గీతలు గీసేవారు. ఎండ పెరిగినకొద్దీ విద్యుత్తు వాడకం, దానితో బొగ్గు మంట, ఆ మంటతో మళ్లీ ఎండ పెరుగుతాయని వారు తొలి వ్యాసంలో నిరూపిస్తే, “ఎండావానల సంగతి మనకెందుకమ్మా?” అని నవ్వినవారే ఎక్కువ. వారు నొచ్చుకోలేదు, గీతలు ఆపనూలేదు.

పదిహేనేళ్ల క్రితం, కాలం చెల్లిన ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం భవితవ్యాన్ని తేల్చే అధ్యయనం వారి చేతికి వచ్చింది. ఆ కేంద్రంలో బాయిలర్ ఆపరేటరు స్వయానా వారి అన్నగారు. తండ్రి పోయాక చెల్లెల్ని కంటికి రెప్పలా పెంచి, చదివించి, ఇంతదాన్ని చేసిన మనిషి. ఆ బంధుత్వాన్ని వారు తొలిరోజే డైరెక్టరుగారి ముందుంచారు.

“ఇబ్బందైతే ఇంకెవరికైనా ఇస్తానమ్మా,” అన్నారాయన.

“లెక్క ఎవరు వేసినా అదే వస్తుంది సార్. నేను వేస్తే అక్కడి మనుషులైనా గుర్తుంటారు.”

లెక్క తేలింది. కేంద్రాన్ని మూసివేయక తప్పదు. నివేదిక వెలువడక ముందే వారు బస్సెక్కి అన్నగారి క్వార్టర్సుకు వెళ్లారు. వదినగారు కాఫీ చేతికిచ్చేలోపే విషయం చెప్పేశారు.

“నా పొట్ట కొట్టడానికి నా చెల్లెలే దొరికిందా? నిన్ను చదివించింది ఆ బాయిలరేనే!” అన్నారు అన్నగారు.

“తెలుసన్నయ్యా. నువ్వు పేపర్లో చదివి తెలుసుకోకూడదనే వచ్చాను.”

“చెప్పావుగా. ఇక వెళ్లు.”

ఆ కాఫీ తాగకుండానే వారు తిరుగు బస్సెక్కారు. నివేదికలో ఒక్క అంకె మార్చలేదు. కానీ, కార్మికులందరికీ కొత్త పనిలో శిక్షణ, ఉద్యోగం చూపించాకే మంట ఆర్పాలన్న అధ్యాయాన్ని అదనంగా రాశారు. సమీక్షా సంఘంలో అధ్యక్షులవారు అభ్యంతరం చెప్పారు: “మనది పరిశోధనండీ, ఉద్యోగాలిప్పించడం మన పని కాదు.”

“మూసెయ్యమని మనమే చెప్తున్నాం కదండీ. మరి మేమేమైపోవాలని వాళ్లడిగితే, జవాబూ మనమే చెప్పాలి.”

ఆ అధ్యాయం కోసం మూడు సమావేశాల్లో పట్టు విడవకుండా వాదించి నెగ్గారు. మృదుభాషిణిగా పేరుపడ్డ చిన్నమేడంగారి కంఠం ఖంగున మోగడం మేము విన్నది ఆ ఒక్కసారే.

అన్నగారు మాత్రం మాట్లాడలేదు. ఏళ్ల తరబడి వదినగారే ఫోనులో గొంతు తగ్గించి క్షేమసమాచారాలు చెప్పేవారు. తోటివారు ఒక్కొక్కరే శిక్షణకు కదిలారు. మొదట ససేమిరా అన్న అన్నగారు కూడా, కుర్రవాళ్లకు యంత్రాల దగ్గర జాగ్రత్తలు నేర్పేందుకు, పక్కనే వెలసిన, విద్యుత్తును బ్యాటరీల్లో నిల్వచేసే కేంద్రంలో చేరారు. ఒకరోజు ఆయనే ఫోను చేశారు.

“రేపు బాయిలర్ ఆపేస్తున్నారు. వస్తావా?”

వెళ్లారు. మంట ఆరిపోయినా ఇంకా వేడి వదలని ఆ గోడ దగ్గర అన్నాచెల్లెళ్లిద్దరూ నిలబడ్డారు.

“కోపం పోలేదే నాకు,” అన్నారాయన. “కానీ అంతమంది పెద్దల్లో ఇంటికొచ్చి మొహమ్మీద చెప్పింది నువ్వొక్కదానివే.”

ఈ ముచ్చట చెబుతూ చిన్నమేడంగారు క్యాంటీన్లో చీరచెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. మరుక్షణమే, “టీ చల్లారిపోతోంది, తాగండర్రా,” అని మమ్మల్ని కసిరారు.

వారు తీర్చిదిద్దిన పరిశోధకులు నేడు ఎన్నో సంస్థలకు సారథులు. వారు పట్టుబట్టి రాసిన ఆ అధ్యాయం లేకుండా మన సంస్థనుంచి మరే మూసివేత నివేదికా వెలువడలేదు. ఈ సంచిక కోసం నాలుగు మాటలు రాసిమ్మని అన్నగారిని అడిగితే, “రాతకోతలు దాని పనండీ. వీడ్కోలు సభలో మా ఆవిడకీ నాకూ ముందు వరసలో కుర్చీలు వేయించండి, చాలు,” అన్నారు.

ఇన్నేళ్లుగా లోకం తాపాన్ని గురించి కలతపడిన చిన్నమేడంగారికి ఇకపై చల్లని సాయంత్రాలు, హాయైన నిద్ర, చెక్కుచెదరని ఆరోగ్యం సమకూరాలనీ, అన్నావదినల నడుమ కబుర్లతో, అలకలతో, వేడివేడి కాఫీలతో వారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.