సంజీవన్న గోల్ఫు కట్టెలు

ఆళ్లగడ్డ దాటి నంద్యాల రోడ్డెక్కగానే కృష్ణమ్మ టీ బంకు వస్తుంది. పొద్దున పూట అక్కడ చేరే పనిలేని వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు బెంచీ మీద మాకు చోటు లేకుండా ఒక పాత కాన్వాసు సంచి పడుకొని ఉంది. దాంట్లో గోల్ఫు కట్టెలు. ఇప్పటివి కావు, ఎప్పటివో. ఇనుప తల, చెక్క కాడ. సంచి సంజీవయ్యది. ఆయన లారీ తోలే రోజుల్లో ఊటీలో ఒక ముసలామె ఇల్లు ఖాళీ చేస్తూ, సామాను దించినందుకు సంతోషపడి, చనిపోయిన భర్త కట్టెలను ఆయన చేతిలో పెట్టిందట.

ఎదురుగా కుర్చీలో నంద్యాల బట్టల అంగడి వాళ్ల అబ్బాయి హరీశ్. బెంగళూరులో చదువుకున్నాడు, అక్కడ గోల్ఫు ఆడతాడు, ఇప్పుడు నంద్యాలలో హోటలు కడుతున్నాడు. ఈ కట్టెలను ఆ హోటలు ముందు హాల్లో గోడకు తగిలించాలని అతని ఆశ. మర్యాద తెలిసినవాడు కాబట్టి మెల్లగానే అడిగాడు.

"సంజీవన్నా, నువ్వు వీటితో ఆడతాంటే నాకొద్దు. ఆడేవాని చేతిలోంచి గుంజుకోను. ఊరికే పడుంటేనే ఇయ్యి."

సంజీవయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఇంక బస్సు వచ్చినా మాలో ఎవరూ లేవరు.

"ఊరికే పడుండాయని ఎవరు చెప్పినారప్పా నీకు? శనగ పీకినంక మా చేను సూసినావా ఎప్పుడన్నా? కంటికి ఆనినంత దూరం బోడి నేల, తెల్లారేటప్పుడు నల్లమల మీద నుంచి మంచు దిగొచ్చి చేనంతా పాలు పోసినట్ల ఉంటాది, ఆ మంచులో నేనొక్కణ్ణే, నా చేతిలో ఈ కట్టె. నేను గొప్పలు చెప్పేటోణ్ణి కాదు, ఉన్నదే చెప్తాండా. బంతి పెట్టినా. కొట్టినా. గెనిమ దాటింది. అంతే."

"ఏ గెనిమ?" అన్నాడు నరసింహులు. ఆయన చేను సంజీవయ్య చేనికి ఆనుకొనే ఉంది, మధ్యన అడ్డం గట్టొక్కటే.

"నీ గెనిమే. నీ చేనుకు అవతల గెనిమ. నువ్వు నిద్ర లేచుంటే గదా సూసేదానికి! ఇనుకో హరీశప్పా, నువ్వు ఆడే కొత్త కట్టెలుండాయే, అవి తొందరవి, చెయ్యి ఎత్తీ ఎత్తకముందే కొట్టేస్తాయి. ఇది చెక్క. ముందు చెట్టు గదా, గాలికి ఊగి ఊగి పెరిగింది, ఆ ఊగుడు ఇంకా మర్చిపోలే. నువ్వు పైకెత్తితే అది అక్కడ రవ్వంతసేపు నిలబడి ఆలోచన చేస్తాది, కొట్టాల్నా వద్దా అని. అప్పుడు నువ్వు ఓర్చుకోవాల. ఓర్చుకోకుండా కొట్టినావంటే మోచేతి దాకా జిల్లుమంటాది. సరిగ్గా తగిలిందనుకో, ఏమీ తెలీదు, వెన్నలో ఏలు పెట్టినట్ల ఉంటాది. కొట్టినట్లే ఉండదు, బంతి దానంతట అదే పోదామనుకోని పోయినట్ల ఉంటాది."

"అది మాత్రం నిజమన్నా. పాతవాటితో ఆడినోళ్లు అట్లనే చెప్తారు," అన్నాడు హరీశ్. అనకుండా ఉండాల్సింది. సంజీవయ్య మొహం వెలిగిపోయింది.

"సూడండి, ఆడేటోడే చెప్తాండాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గెనిమ దాటిన బంతి ఆడ ఆగల్యా. మంచులో ఈదుకుంటా ఈదుకుంటా మన శిల్పాలు చెక్కేటోళ్ల షెడ్ల మీదికి పోయింది. ఆడ ఒకాయప్ప అమ్మవారి బొమ్మ ముందర తల పట్టుకోని కూర్చోనుండాడు. బొమ్మంతా అయిపోయింది, నగువు ఒక్కటి రాల్యా, యాడ ఉలి పెట్టాల్నో తెలీక నెలంతా అట్లనే కూర్చున్నాడు. నా బంతి పోయి పెదిమ కొసన ఇట్ల ఒరుసుకునింది. రవ్వంత రాయి రాలింది. అమ్మవారు నగింది! ఆయప్ప ఉలి కిందేసి ఏడ్చినాడంట."

"ఆ బొమ్మ యాడుండాది ఇప్పుడు?" కృష్ణమ్మ పాలు పొంగకుండా మంట తగ్గించి అడిగింది.

"ఏ ఊరోళ్లో తీసకపోయినారు. యాడున్నా నగుతానే ఉంటాది, నీకేం భయం? ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి, బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి కారేసుకోని వచ్చినాడు. ఆయప్ప కట్టెలు సూస్తే కండ్లు చెదురుతాయి, అద్దంలో మాదిరి మొహం సూసుకోవచ్చు. 'సంజీవయ్యా, ఆడదాం రా, నువ్వు ఓడితే సంచి నాది' అన్నాడు. అప్పటికి ఎండాకాలం వచ్చేసింది. నల్లరేగడి నేల సంగతి మీకు చెప్పాల్నా, నెర్రెలిచ్చి నోర్లు తెరుచుకోనుంది. ఆయప్ప కొట్టిన బంతి పోయి చేను కొసన పడింది. నేను కొట్టినా. నా బంతి మెల్లగా పోయి, మెల్లగా దిగి, నెర్రెలో పడిపోయింది. ఆయప్ప నగినాడు. నేను నేల మీద పండుకోని చెవి పెట్టినా."

"ఏం ఇనిపించింది?"

"దొర్లుతాండే సప్పుడు. చల్లగా, దూరంగా, రాతి మీద గాజు గోలీ పోతాంటే వస్తాదే, అట్ల. బెలుం గుహల్లోకి పోయిందప్పా బంతి! ఆడ గబ్బిలాలన్నీ లేచి దారిచ్చినాయి. ఒక గుహలోంచి ఇంకో గుహలోకి, అది దాటి చీకటి నీళ్లలోకి, పోతాంది పోతాంది, నేను ఇంటాండా, ఆయప్ప కూడా సూటు బూటుతో నా పక్కన మట్టిలో పండుకోని ఇంటాండాడు. సాయంత్రమయ్యేసరికి మిడుతూరు నుంచి ఫోను. ఒక రైతు బోరు ఎండిపోయి ఉండిందంట, గుర్రుమని సప్పుడొచ్చి నీళ్లు ఎగజిమ్మినాయి, ఆ నీళ్ల మీద నా బంతి ఆడుకుంటాందంట!"

"మిడుతూరు మనకు ఎగువ గదప్పా, బంతి ఎగువకు ఎట్ల దొర్లుతాది?" అన్నాడు నరసింహులు.

"నేల లోపల ఎగువ ఏదో దిగువ ఏదో నీకేం తెలుసు? పోయి సూసొచ్చినావా? ఆయప్ప దండం పెట్టి కారెక్కినాడు. అది పోనీ. ఆఖరుగా కొట్టింది ఒకటుంది, అది నేను ఎవరికీ చెప్పల్యా."

ఆయన గొంతు తగ్గింది. మేం ముందుకు జరిగాం.

"ఆ పొద్దు గాలి లేదు. కట్టె ఎత్తినా. ఎత్తినంక అది ఆలోచన చేస్తాండాది, నేను ఓర్చుకుంటాండా, అది ఆలోచన చేస్తానే ఉంది, కొంగలొచ్చి చేన్లో వాలినాయి, మళ్లా లేచిపోయినాయి. అప్పుడు దిగింది. బంతి లేచింది. లేచి, పైకి, ఇంకా పైకి, కిందికి దిగుదామనే తలంపే లేదు దానికి. నేను ఇంటికి పోయి సంగటి తిని పండుకున్నా. కల్లో సూస్తే ఆడనే ఉంది, నల్లమల మీద, దాని కింద పులి ఒకటి నీళ్లు తాగేది ఆపి తలెత్తి సూస్తాంది. లేచి సూస్తే ఇంకా దిగల్యా. ఒక తెల్ల మబ్బు దాన్ని ఒళ్లో పెట్టుకోనుంది. తర్వాత ఎప్పుడో దిగింది, వచ్చి నా కాళ్ల కాడ పడింది. తడిసిపోయుంది. ఆ యేడు మనకు చినుకు పడల్యా గదా? ఆ తడి వచ్చే యేడు వానదప్పా!"

అబద్ధమని అందరికీ తెలుసు, అయినా నేను తలెత్తి ఆకాశం వైపు చూశాను, సిగ్గులేకుండా.

"ఎట్ల కొట్టినావో ఒక్కసారి చూపించన్నా," అన్నాడు హరీశ్.

సంజీవయ్య లేచాడు. సంచిలోంచి ఒక కట్టె తీసి, కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, ఎండిన ఆవుపేడ గడ్డ ముందర దర్జాగా నిలబడ్డాడు. హరీశ్ కట్టె తల వైపు చూసి మెల్లగా అన్నాడు.

"అన్నా, పేరు చెక్కిన పక్క ముందుకు పెట్టినావు."

"పేరుండేదే గదప్పా మొహం! చెంబు మీద పేరు కొట్టించినా ఎదురుపక్కే గదా కొట్టిస్తాం?"

"దీనికి పేరు వీపు మీద కొడతారన్నా. చుక్కలుండే పక్క మొహం. ఇవన్నీ ఎడంచేతి వాటం వాళ్ల కట్టెలు. నువ్వు నిలబడిన పక్క నుంచి వీటితో ఎవరూ కొట్టలేరు."

కృష్ణమ్మ గరిటె ఆగిపోయింది. సంజీవయ్య కట్టెను తిప్పి చూశాడు, మళ్లీ తిప్పి చూశాడు. బెంచీ మీద కూలబడ్డాడు. ఇంతకాలం ఆయన కోతలకు నవ్వినవాణ్ణి, ఆ వేళ నవ్వలేకపోయాను.

"బెంగళూరు పోయినప్పుడంతా ఆ ఆట జరిగే మైదానం గోడ కాడ లారీ ఆపేటోణ్ణి," అన్నాడు చివరికి. "క్యాబిన్ మీదికెక్కి సూసేటోణ్ణి. అంత మెల్లగా, అంత పచ్చగా... అట్లాంటి ఆట ఒకటి ఉందని మనకు తెలీనే తెలీదు గదప్పా. ఈ కట్టెలకు నూనె పూస్తా, చేనికి తీసకపోతా, ఎత్తుతా, దించుతా. ఒక్కసారి కూడా కొట్టల్యా. బంతి యాడుండాది నా కాడ? తీసకపో, గోడ మీదన్నా బాగుంటాయి."

హరీశ్ లేచి కారు దగ్గరికి పోయి డిక్కీ తెరిచాడు. సంచికి చోటు చేస్తున్నాడనుకున్నాం. ఒక తెల్ల బంతి తెచ్చి, బంకు వెనక బీడులో పెట్టాడు. సంజీవయ్యను భుజాలు పట్టుకొని అవతలి పక్కకు తిప్పి నిలబెట్టాడు. చేతులు మార్చి పట్టించాడు.

"తొందరపడొద్దు. కొట్టు."

మొదటిసారి మట్టి లేచింది. మళ్లీ ఎత్తాడు. ఈసారి ఓర్చుకున్నాడు. బంతి కదిలింది, మోకాలెత్తు లేచింది, రెండు గెంతులు వేసి, ముళ్లకంప వైపు పోయి ఆగింది. సంజీవయ్య కట్టెను గుండెలకు హత్తుకొని అలాగే నిలబడిపోయాడు.

"బంతి నీ కాడే పెట్టుకోన్నా," అన్నాడు హరీశ్. "గోడకు ఇంకేదన్నా తగిలిస్తాలే."

"ఎంత దూరం పోయిందప్పా?" కృష్ణమ్మ కేక వేసింది. ఇంక అహోబిలమో, నల్లమలో, ఏదో ఒకటి వస్తుందని మేం కాచుకొని ఉన్నాం.

"ఆ కంప దాకా," అన్నాడు సంజీవయ్య.

"కంప దాకా యాడ పోయింది? రెండు బారలు ఇవతలే పడింది," అన్నాడు నరసింహులు.

"ఔ. రెండు బారలు ఇవతలే," అని, సంజీవయ్య బంతి తెచ్చుకునేదానికి పోయాడు.