అరవై కేజీల వాంగ్మూలం

ఆసుపత్రి గది. ఉదయం పదకొండు. మంచం మీద తమ్ముడు, పక్కన స్టూలు మీద అక్క.

"మీ బావకి ఏ పనీ సవ్యంగా చేతకాదురా. విరిచేదేదో కుడిచెయ్యి విరవచ్చుగా? ఎడమది విరిచి ఊరుకున్నారు. ఇప్పుడు చూడు, నువ్వు హాయిగా సంతకం పెట్టేస్తావు."

"నవ్వించకక్కా. పక్కటెముకలు మూడు పోయాయి."

"నవ్వమని ఎవరన్నారు? పోలీసాయన ఎన్నింటికొస్తానన్నాడు?"

"పదకొండున్నరకి. వాంగ్మూలం రాసుకుంటాడట."

"ఏం చెబుతావు?"

"జరిగింది చెబుతా. వెనక నుంచొచ్చి ఇనపరాడ్డుతో కొట్టాడని. చంపబోయాడని."

"చంపబోయాడని రాయిస్తే ఆయన ఇప్పట్లో స్టేషన్ నుంచి ఇంటికి రారు. స్కూల్లో ఆటల మేస్టారి ఉద్యోగం సాయంత్రానికి ఊడుతుంది. తెలుసుగా?"

"తెలుసు. అందుకే రాయిస్తా."

"సరే. అదేదో నాకూ ఓసారి చెప్పు. రేపు కోర్టులో ఎవరైనా అడిగితే వెర్రిమొహం వేసుకుని నిలబడలేను."

"ఏముంది చెప్పడానికి? పొద్దున ఆరింటికి నా జిమ్‌కొచ్చాడు. ఇంకా ఎవరూ రాలేదు. నేను రో చేస్తున్నా..."

"ఏ రో?"

"ఏ రో ఏంటి? బార్‌బెల్ రో. బరువుల కడ్డీని వంగి లాగే కసరత్తు."

"ఆ మాత్రం తెలుసులే. ఎనిమిదేళ్లుగా నా వంటింట్లో మీ ఇద్దరి పోట్లాటా దాని గురించేగా. నా చీపురు పట్టుకుని వంగి వంగి చూపించారు ఇద్దరూ. ఊడ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. నీ రోనా, ఆయన రోనా?"

"నాదే. ఆయనది నేనెందుకు చేస్తాను?"

"నీదంటే నడుము సగమే వంచి, బార్‌ని గాల్లోనే ఉంచి, పొట్టకేసి లాగేది."

"అదే. బరువెక్కువ పడుతుంది. వీపు మందంగా తేలుతుంది. బావది ముసలాళ్ల కసరత్తు. వీపు నేలకి సమంగా పెట్టాలట, లాగిన ప్రతిసారీ బార్‌ని నేల మీద దించాలట, ఆగాలట, మళ్లీ లాగాలట. అలా చేస్తే నేనెత్తే దాంట్లో సగం కూడా లేవదు."

"ఊపు దొరకదు కాబట్టి లేవదంటారాయన. నువ్వు తుంటితో ఊపి, వీపు చేయాల్సిన పని నడుముకి అంటగడుతున్నావంటారు."

"నువ్వెవరి పక్క?"

"వడ్డించేవాళ్ల పక్క. చెప్పు, ఎంత బరువు?"

"నూట ఇరవై. వంగి ఉన్నా. మాటా పలుకూ లేదు, వెనక నుంచొచ్చి ఇదిగో, ఇక్కడ, పక్కటెముకల మీద..."

"ముందువైపు విరిగాయంటున్నాడు డాక్టరు."

"పడ్డప్పుడు విరిగుంటాయి. నాకేం గుర్తు? ఒక దెబ్బా అక్కా? జుట్టు పట్టి అద్దానికేసి కొట్టాడు. అద్దం నిలువునా పగిలింది. చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు, 'వదులుతావా, విరవనా' అని అడిగి మరీ విరిచాడు. ఎండుపుల్లలా టప్పుమంది. నా ఎముక చప్పుడు నేనే విన్నా."

"ఏం వదలమన్నారు?"

"ఆ?"

"వదులుతావా అన్నారుగా. ఏం వదలాలి?"

"గుర్తులేదు."

"చెయ్యి విరిచానని ఆయన నాకూ చెప్పారు."

"ఒప్పుకున్నాడా?"

"ముందుపళ్లు రెండు లేవు కదా, ఒప్పుకుంటున్నారో ఊదుతున్నారో తెలియడానికి కాసేపు పట్టింది. పైపెదవి రెండు ముక్కలు. ఏడు కుట్లేశారు. ముక్కు ఎముక పక్కకి జరిగింది."

"కొడుతుంటే ఊరుకుంటానా? నేనూ కొట్టా. ఆత్మరక్షణ."

"ఆత్మరక్షణా? పెద్దమాటే. ఇక్కడికొచ్చే ముందు నీ జిమ్‌కి వెళ్లొచ్చానురా."

"ఎందుకు?"

"తాళం వేయడానికి. తలుపులు బార్లా తీసున్నాయని ఎదురు షాపాయన ఫోన్ చేశాడు. రక్తం చూసి ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. నేనెళ్లి పళ్లు వెతికాను. ఒకటే దొరికింది."

"ఎక్కడ?"

"అద్దం కింద, బార్‌కి తగిలించే ఐదు కేజీల ఇనప ప్లేటు పక్కన. ఆ ప్లేటు అంచుకి రక్తం. ప్లేట్లుండే స్టాండేమో గదికి ఈ చివర. అంత దూరం ప్లేటు తనంతట తాను నడిచెళ్లదు."

"చెప్పానుగా, తిరిగి కొట్టానని."

"చెయ్యి విరిగాకా, విరగకముందా?"

"ఏమో."

"బార్ కూడా చూశాను."

"బార్‌లో చూడ్డానికేముంది?"

"నేల మీదుంది. అటొక ఇరవై, ఇటొక ఇరవై. బార్ బరువు కలిపితే అరవై."

"మిగతావి కొట్లాటలో ఊడిపోయుంటాయి."

"రెండువైపులా ప్లేట్లు జారకుండా పెట్టే క్లిప్పులు బిగించే ఉన్నాయి. నీ రోకి బార్ స్టాండు మీంచి తీస్తావుగా, ఆ స్టాండు గోడ పక్కకి తోసేసి ఉంది. నేల మీద నువ్వు చేతులకి రాసుకునే సుద్దపొడి, అందులో రెండు పాదాల గుర్తులు. ప్లేట్లు మళ్లీ మళ్లీ దించితే కింద పరిచిన రబ్బరు మీద పడే గుంటలు."

"నువ్వు పోలీసుల్లో చేరాల్సింది."

"రోజూ ఊడ్చేదానికి నేల మీద ఏముందో కనపడుతుందిలే. అరవై కేజీలతో నేల మీంచి రో ఎవరు చేశారు?"

"నిన్న వచ్చినవాళ్లెవరో."

"నిన్న నీ జిమ్‌కి సెలవు."

"అక్కా, నొప్పిగా ఉంది. నర్సుని పిలువు."

"పిలుస్తా. నడుంనొప్పి ఎన్నాళ్లుగా?"

"నడుమా? నాకా?"

"మొన్న మా ఇంట్లో కిందపడ్డ గ్లాసు తీయడానికి మోకాళ్ల మీద కూర్చున్నావు. వంగలేదు."

"...నాలుగు నెలలు."

"డాక్టరేమన్నాడు?"

"డిస్కు జారిందన్నాడు. ఇంకోసారి నూట ఇరవై ఊపితే కాలు పడిపోతుందన్నాడు. జిమ్ గోడ మీద నా ఫోటో ఉంది కదక్కా, నూట యాభై పట్టుకుని? జనం అది చూసి వస్తారు. నడుం పోయినవాడి దగ్గరికి వీపు పెంచుకోడానికి ఎవడొస్తాడు?"

"అందుకని ఎవరూ రాకముందే ఆయన రో చేసుకుంటున్నావు."

"ఆరు వారాల నుంచి. నొప్పి తగ్గింది. అదే నన్ను కాల్చేస్తోంది. తగ్గింది."

"ఇవాళ ఆయన చూశారు."

"ఎంతసేపు నిలబడి చూశాడో ఏమో. లేచేసరికి అద్దం దగ్గర కనపడ్డాడు."

"నవ్వారా?"

"నవ్వినా బాగుండేది. 'బాగా చేస్తున్నావు బామ్మర్దీ, మోచేతులు ఇంకొంచెం వెనక్కి' అన్నాడు."

"అంతేనా?"

"అంతే. చేతికందిన ప్లేటు తీసి విసిరా. మొహం మీద. పళ్లు రాలడం కనపడింది. అయినా ఆగలేదక్కా. పది కేజీలది తీసుకుని తలకేసి వెళ్లా. కొట్టేవాణ్ణే. చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. ప్లేటు వదులు, వదులుతావా విరవనా అని అరుస్తున్నాడు. నేను వదల్లేదు."

"పక్కటెముకలు?"

"చెయ్యి విరిగాక కూడా తన్నాడు. రెండుసార్లు. అది మాత్రం నిజం."

"ఆ రెండు తన్నులూ నాకొదిలెయ్. ఇంటికొస్తే నేను చూసుకుంటా. రానిస్తావా, లేదా?"

"ఎవరో వస్తున్నారు."

"లోపలికి రావచ్చామ్మా? స్టేషన్ నుంచి."

"రండి సార్, ఈ స్టూలు తీసుకోండి."

"నెమ్మదిగా చెప్పు బాబూ, రాసుకుంటాను. రాడ్డుతో కొట్టాడన్నావట పొద్దున?"

"అక్కా, నువ్వు బయటికెళ్లు."

"వెళ్లను. నా ముందు చెప్పలేనిది కాగితం మీద పెట్టకు."

"చూడమ్మా, మధ్యలో మాట్లాడకూడదు. ఊ, చెప్పు. ముందు ఎవరు ఎవర్ని కొట్టారు?"

"సార్, రాసుకోండి. రో చేసేటప్పుడు వీపు నేలకి సమంగా ఉండాలి. బార్ ప్రతిసారీ నేల మీద దించాలి."

"అవన్నీ కేసుకి అక్కర్లేదు. కొట్లాట గురించి చెప్పు."

"కేసే అది సార్. ఎనిమిదేళ్లుగా నా దగ్గరికొచ్చిన వాళ్లందరికీ తప్పు నేర్పాను. మా బావ చెప్పిందే కరెక్టు. ఆ ఒక్క మాట అనలేక పళ్లు రాలగొట్టాను. ముందు కొట్టింది నేనే."