రోగం కాలమ్‌కి వేసిన తాళం

"చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ" అంటూ మొదలుపెట్టాడు ఆస్పత్రి కంప్యూటర్లు చూసే మావయ్య. ఆయనకి అలవాటు లేనిదల్లా ఆపడమేనని టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు.

"మన వార్డు నర్సమ్మ కూడా ఇక్కడే చూపించుకుంటోంది. ఆమెకి మూర్ఛ ఉందని రిసెప్షన్‌లో ఎవరో కంప్యూటర్లో చదివి ఆస్పత్రంతా చాటేశారు. పాపం, నా దగ్గరికొచ్చి ఒకటే ఏడుపు. 'ఊరుకో తల్లీ, నేనున్నాగా' అని డేటాబేస్ తెరిచా. రోగుల పట్టికలో పేరు, ఫోను, గది నంబరు, రోగం, నాలుగు కాలమ్‌లు. మొదటి మూడూ రిసెప్షన్ వాళ్లు చూడొచ్చు, రోగం మాత్రం డాక్టర్లకే అని ఒక్క లైను కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు అంబులెన్స్ డ్రైవరు.

"డైరెక్టరు చూస్తే కనపడలా! కళ్లజోడు మార్చి చూశాడు, లేదు. పన్నెండుమంది నిపుణుల్ని దింపాడు. మూడ్రోజులు తలకిందులుగా తపస్సు చేసినా ఆ కాలమ్ అంచు దొరకలా! అంతెందుకు, పై అంతస్తు పెద్దాయన 'నాకేం జబ్బో నాకే గుర్తులేదు' అని లేచి ఇంటికెళ్లిపోయాడు."

"రోగికి కూడా పర్మిషన్ లేదా?" టీ కొట్టాయన నవ్వాపుకున్నాడు.

"నేనిస్తేగా! ఇంకా విను. మర్నాడు ఓ విషజ్వరం గేటు దాకా వచ్చింది. కాలమ్‌లో అడుగుపెట్టడానికి అనుమతి లేదని తెలిసి, వచ్చిన దారినే పోయింది! వారం పాటు వార్డులన్నీ ఖాళీ, డాక్టర్లు చదరంగం ఆడుకున్నారంటే నమ్ము."

అప్పటిదాకా టీలో బిస్కెట్ ముంచుకుంటున్న రిసెప్షన్ అమ్మాయి తలెత్తింది.

"మావయ్యా, పట్టిక మొత్తం చూసుకోండని పోయినేడు మాకు మీరే అనుమతిచ్చారు కదా. అది తియ్యకుండా ఒక్క కాలమ్‌కి వద్దంటే ఆ తాళం పడదట. రోగాలన్నీ మాకింకా కనపడుతూనే ఉన్నాయి."

డ్రైవరు పగలబడి నవ్వాడు. మావయ్య మీసం దువ్వాడు. "నా తాళం పడకపోవడమా! సాక్ష్యమేదీ?"

ఆ అమ్మాయి లేచొచ్చి ఆయన చెవిలో మెల్లగా చెప్పింది. "బుధవారం మీ మొలల ఆపరేషన్‌కి పరగడుపున రావాలి మావయ్యా."

మావయ్య టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఆస్పత్రిలోకి పరుగందుకున్నాడు.

ఆ మధ్యాహ్నానికల్లా నర్సమ్మ జబ్బు నిజంగానే రిసెప్షన్‌లో ఎవరికీ కనపడకుండా పోయింది.