బోల్టు మీద ఉప్పు

మళ్ళీ మొదట్నుంచా మేడమ్? సరే, విచారణ అధికారి మీరు, అడుగుతారు. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడికి పేరు, నమూనా తయారుచేసినవాడికి సంజాయిషీ. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

క్రేన్ బోల్టు విరిగింది, బరువు కింద పడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏం కాలేదు. ఆ ముక్క పరీక్షకి మా ల్యాబులో నా దగ్గరికొచ్చింది. వేడెక్కకుండా నిదానంగా కోశాను. ముతక కాగితం, సన్న కాగితం, ఇంకా సన్నది, అలా రోజంతా రుద్దాను. దాంట్లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నునుపు. ఎసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు యంత్రంలో పెట్టాం.

ఏయే మూలకాలున్నాయో చెప్పే దాని ఎక్స్‌రేల్లో ఏం తేలింది? పగులు పక్కన సోడియం, క్లోరిన్. అంటే మనం తినే ఉప్పే. ఇంకేం, స్టోర్‌కీపర్ బోల్టుల్ని ఉప్పునీళ్ళలో నాననిచ్చాడని పెద్దలు తేల్చేశారు. రేపు అతని ఉద్యోగం ఊడుతుందటగా?

అవును, మా బావమరిదే. నేనెందుకు దాస్తాను? రెండేళ్ళుగా మాకు మాటల్లేవు, మధ్యలో మా ఆవిడే పోస్టాఫీసు. నలుగురిలో అన్నాడండీ, "బావది గిన్నెలు తోమే ఉద్యోగం" అని. ఆ ఉప్పు తేలిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. తగిన శాస్తి అనుకున్నాను.

తర్వాత ఆ క్లోరిన్ ఎక్కడెక్కడుందో యంత్రం బొమ్మ గీసింది. పగులు వెంబడే ఉండాలి కదా? అలా లేదు. వంపులు తిరిగిన గీతలు, ఒకదాని పక్కన ఒకటి, వరసగా వచ్చాయి. ఆపరేటర్ టీకి వెళ్ళాడు. పగులున్న మూల ఒక్కటి ఉంచి, మిగతాది కత్తిరించి, నేనే రిపోర్టులో పెట్టాను.

అలా చూడకండి మేడమ్. అంత నునుపు కుదిరితే చెయ్యి ఆగుతుందా? కడగడం అయ్యాక, గ్లవ్సు తీసేశాక, ముచ్చటేసి చెమట వేలితో ఒక్కసారి నిమిరాను. ఒక్కసారే.

నిన్న మా ఆవిడ అడిగింది, "తమ్ముడు నిజంగానే తప్పు చేశాడంటారా?" అని. చెప్పులు విప్పుకుంటూ, "యంత్రం అబద్ధం చెప్పదే" అన్నాను. నన్ను నమ్మింది. అదే నిద్ర పట్టనివ్వలేదు.

ఇదిగోండి, కత్తిరించని బొమ్మ. ఆ సిరా ప్యాడ్ ఇటు జరపండి. బొటనవేలు కుడిచేతిది.