పోశాలు గుండె చప్పుడు

వడ్ల మిల్లులో కాంటా పట్టే పోశాలు కొడకండ్లలో గోరీ నడిపే చాయ్ హోటల్ బల్ల మీద కూర్చుని ముచ్చట మొదలుపెట్టాడంటే, వినేవాళ్ల చేతుల్లో చాయ్ చల్లారాల్సిందే. ఆ పొద్దు అందరికన్నా ఎక్కువ నోరు తెరిచి విన్నవాడు తండా సురేందర్. ఆటో తోలతాడు. నెలన్నరగా పట్టపగలే కునికిపాట్లు. మొన్న పాలకుర్తి రోడ్డు మీద కన్నంటుకుపోయి, బడిపిల్లలతో సహా ఆటోను పత్తి చేనులోకి దించాడు. పిల్లలకేమీ కాలేదు గానీ, అప్పటినుంచి బండి హ్యాండిల్ ముట్టాలంటే అతనికి భయం. జనగామ డాక్టరు టెస్టోస్టిరాన్, థైరాయిడ్ పరీక్షలు రాసిచ్చిన చీటీ జేబులోనే నలుగుతోంది.

"గా చీటీ చింపెయ్ తమ్మీ, నా లెక్క సూది పొడిపిచ్చుకో," అన్నాడు పోశాలు. "థైరాయిడ్ ఆడోళ్ల ముచ్చట. నాకు టెస్టోస్టిరాన్ సూది మొదలువెట్టి మూడు నెలలు. మొదటి సూదికి ఏం గాలే, ఉత్తగ ఒక వడ్ల బస్తా ఎత్తిన."

"బస్తా అందరెత్తుతరు," అన్నది గోరీ.

"జర ఆగు! రెండో సూదికి బురదల దిగవడ్డ ట్రాక్టరును ఒంటిచేత్తోని గుంజిన. డ్రైవరు మీదనే కూసోని ఫోన్ మాట్లాడుతున్నడు, బండి కదిలినట్టు గూడ వానికి తెల్వలే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నిద్ర ఒడిసిపోయింది. నలభై దినాలు రెప్ప వాల్చలే. ఉత్తగ పండుకునుడెందుకని ఎనిమిదెకరాలు ఒక్కణ్నే నాటేసిన."

"అసలు నిద్రే రాదా అన్నా?" సురేందర్ గొంతులో అంత ఆశ.

"నిద్రనా! ఈడ నా గుండె కొట్టుకుంటె ఆడ పాలకుర్తి పెండ్లి ఊరేగింపుల డప్పోళ్లు దరువు మరిచిండ్రు, జనమంత నా గుండె చప్పుడుకే ఎగిరిండ్రు. ఇగ ఒంటి వేడి! తడిసిన వడ్లు నా చుట్టు పోసి ఆరవెట్టుకుంటున్నరు మిల్లోళ్లు. అంగి సూడు, ఎక్కడన్న పొడిగుందా? గట్లనే బయ్యారం పోయి గుట్ట మీద జరసేపు కూసున్న. కింద ఇనుపరాయి కరిగి వాగోలె పారింది! పట్నంకెళ్లి ఆఫీసర్లు ఉరికొచ్చి, 'పోశాలు గారూ, దండం పెడతం, లేవుండ్రి, ఫ్యాక్టరీ కట్టకముందే ఇనుమంత అయిపోతది' అన్నరు."

హోటలంతా నవ్వింది. సురేందర్ నవ్వలేదు. పోశాలు చేతిలో గ్లాసు గడగడ వణుకుతోంది, చాయ్ తొణికి మోకాలి మీద పడుతోంది. మనిషిలో ఎంత శక్తి ఉంటే గ్లాసు అట్లా అదురుతుంది! సురేందర్ చీటీ తీసి, సగం దాకా చింపాడు.

"ఆగు సురేందర్," అన్నది గోరీ. "పోశాలన్నా, అంత సూది బలమే అయితే, రోజు పొద్దుగాల నా కాడ నీళ్లడిగి మింగే గోలీ ఏంది?"

"గ్యాసు గోలీ."

"మరి డబ్బా దాసుకుంటవెందుకు? నిన్న మరిసిపోయినవ్." డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

చాయ్ కోసం నిలబడి అంతా వింటున్న దవాఖాన నర్సు పద్మలత దాని మీది పేరు చదివింది. "ఇది థైరాయిడ్ గోలీ!" అని, పోశాలు మణికట్టు పట్టుకుని నిమిషంసేపు గడియారం చూసింది.

"కూసున్నకాడనే నాడి నూట పద్దెనిమిది! సూది మొదలైనంక థైరాయిడ్ పరీక్ష మల్ల చేయించినవా అన్నా?"

"డాక్టరు రమ్మన్నడు. బలమొచ్చినంక రక్తమిచ్చుడెందుకని పోలే మేడం."

"బలం గాదన్నా ఇది. సూది పడ్డంక కొందరికి ఈ గోలీ పాత డోసే ఎక్కువైతది. నిద్ర పట్టకపోవుడు, చెమట, వణుకు, దడ... నువ్వు చెప్పిన కథంత గదే కావచ్చు. పరీక్ష చూసి డోసు సంగతి డాక్టరే చెప్తడు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు." సురేందర్ వైపు తిరిగింది. "నీకు థైరాయిడ్ తక్కువున్నా గిట్లనే కునుకొస్తది. అది చూడకుండ సూది పొడిపిచ్చుకుంటే, నీ ఆటో మల్ల చేన్లకే పోతది."

సురేందర్ చిరిగిన చీటీని తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు. "లే అన్నా. ఇద్దరం బస్సుల జనగామ పోదాం."

పోశాలు లేచాడు. "నా రక్తం పోస్తె గా మిషిను పేలిపోతది. ముందుగాలనే చెప్తున్న."

"మిషిను సంగతి తర్వాత," అన్నది గోరీ. "ముందు నా గ్లాసు కింద పెట్టు."

రెండు చేతులా పట్టుకుని పెట్టినా, గ్లాసు బల్లకు తాకి టకటకమని మోగింది. పాలకుర్తి దాకా కాదు గానీ, హోటల్లో ఉన్న అందరికీ వినబడింది.